గోడ ముందు గ్రూపు ఫోటో

సింధూరకు పెళ్ళయి రెండు నెలల పదకొండు రోజులైంది. రోజులు ఇలా లెక్కపెట్టుకోవడం ఆమెకు అలవాటైపోయింది. సుధీర్‌తో కలిసి తాగిన మొదటి ఇరానీ చాయ్, కలిసి కొన్న మొదటి ఇడ్లీ పాత్ర, మాటల్లో పడి కలిసి ఎక్కిన మొదటి తప్పు బస్సు, అన్నిటికీ ఆమె దగ్గర తారీఖులున్నాయి. అలాంటి మనిషి కళ్ళ ముందే అత్తింటివాళ్ళు సొంతిల్లు కట్టడం మొదలుపెడితే ఊరుకుంటుందా? మొదటి ఇటుక నుంచి గృహప్రవేశం దాకా రోజూ ఫోటోలు తీసి, అన్నిటినీ వరసగా అతికించి, నాలుగు నెలల్లో లేచే ఇంటిని నాలుగు నిమిషాల్లో లేపి చూపిస్తానని పట్టుబట్టింది.

పెళ్ళి వీడియో తీసిన స్టూడియో వాళ్ళను అడిగితే వాళ్ళు చెప్పిన ధరకు ఇంకో స్నానాల గది కట్టుకోవచ్చు. "వద్దులే, నేనే తీస్తాను," అంది సింధూర. సుధీర్ పాత ఫోను బీరువాలో పడి ఉంది. అద్దం పగిలింది, మాట వినపడదు, కెమెరా మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి కడిగి, స్క్రూడ్రైవర్‌ని స్టవ్ మీద కాల్చి దానికి రూపాయి బిళ్ళంత కన్నం చేసింది. పాత ఫోటో ఫ్రేము గాజు ముక్కను ఆ కన్నానికి ఎంసీల్‌తో అతికించింది. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు లోపల పడేసింది. డబ్బుల్లేకుండా దొరికిన యాప్ ఒకటి ఫోనులో వేసింది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా పది నిమిషాలకో ఫోటో దానంతట అదే తీస్తుంది. ఒక్కటే చిక్కు. ప్రతి ఫోటోకీ పది సెకన్ల ముందు ఫోను లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకు ఆపాలంటే డబ్బు కట్టాలట. "మిణుకుమననీ, పాపం," అని వదిలేసింది.

స్థలం సాతంరాయిలో. బెంగళూరు హైవే దిగి రెండు మలుపులు తిరిగితే నూట యాభై గజాలు. మావగారు రాఘవయ్య తెనాలి నుంచి వచ్చి హైదరాబాదులో కరెంటు ఆఫీసులో చేరి, ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి మీటర్లు తనిఖీ చేసిన మనిషి. రిటైరై మూడేళ్ళయినా ఎవరింటికి వెళ్ళినా ముందు మీటరు వైపు ఒకసారి చూసిగానీ చెప్పులు విప్పరు. ఇంటిల్లిపాదీ బడంగ్‌పేట్‌లో అద్దెకుంటున్నారు. సింధూర ఉద్యోగం ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో. అక్కణ్ణుంచి స్కూటీ మీద పావుగంటలో సాతంరాయి చేరుకోవచ్చు.

స్థలానికి ఎదురింట్లో ఉండే సురయ్యా ఆంటీ తన డాబా మీద డబ్బా పెట్టుకోనిచ్చింది, ఫోనుకి ఛార్జరు తీగ కూడా లాగనిచ్చింది. "పెట్టుకో బేటా, నీదే డాబా. జర నా అప్పడాల దిక్కు మాత్రం తిప్పకు," అంది. ఇల్లు కడుతున్న రషీద్ మేస్త్రీ స్వయంగా మెట్లెక్కి వచ్చి, పిట్టగోడ మీద రెండు ఇటుకలు పేర్చి, వాటి మధ్య డబ్బాను మాలుతో బిగించాడు. పైన రసమట్టం పెట్టి, గాలి బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేదాకా వదల్లేదు. ఎండకు ఫోను ఉడికిపోకుండా డబ్బాకి తెల్ల సిమెంటు కూడా పూశాడు.

"ఐస్‌క్రీమ్ డబ్బాకి రసమట్టం ఎందుకండీ రషీద్ గారూ?" అని నవ్వింది సింధూర.

"డబ్బా వంకరుంటే ఫోటోల నా గోడ వంకరగనిపిస్తది మేడం. నేను కట్టిన గోడ వంకరని పేరొస్తే నాకు నిద్ర పడ్తదా?"

అప్పటికి పునాది అయిపోయింది, స్తంభాలు నిలబడ్డాయి. ముందు గోడలు పైదాకా లేపి, ఆ తర్వాత స్లాబు వేయడం రషీద్ పద్ధతి. ఏప్రిల్ మొదటి సోమవారం గోడ పని మొదలైంది. డబ్బా కూడా డ్యూటీలో చేరింది.

వారం తిరిగేసరికి పద్నాలుగు సెకన్ల వీడియో తయారైంది. సింధూర దాన్ని ఇంట్లో అందరికీ రెండేసిసార్లు, సుధీర్‌కి పదకొండుసార్లు చూపించింది. పద్నాలుగు సెకన్లలో ఆరుసార్లు తెల్లవారింది. ఆరుసార్లు నీడలు పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తాయి. నేల మీద ఎర్రటి గీత ఒకటి మొలిచి నడుం ఎత్తు దాకా లేచింది. ఆదివారం స్కూటీ మీద వెళ్ళి, స్థలం దగ్గర కూలీలందరికీ వారం డబ్బులు పంచుతున్న రషీద్‌కి కూడా చూపించింది.

అతను కళ్ళజోడు పెట్టుకుని, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు.

"మస్తుంది మేడం. ఇందుల నేనేడున్న?"

సింధూర వెతికింది. మనుషులున్నారు గానీ అంతా చెరిగిపోయిన మరకల్లా ఉన్నారు. ఒకచోట సగం భుజం, ఒకచోట తాపీ పట్టుకున్న చెయ్యి. చివరికి ఒక వంగిన వీపు దొరికింది. "ఇదిగో, ఇది మీరే!"

"అది నాతోని ఇటుకలు పేర్చే జగన్‌ది." రషీద్ నవ్వుతూనే ఫోను ఇచ్చేశాడు. "పోనీ తియ్యి మేడం. ముప్పై ఏండ్ల సంది కడుతున్న. నలభై మూడు ఇండ్లయినయి. గృహప్రవేశం ఫోటోలల్ల అందరుంటరు. పంతులుంటడు, చుట్టాలుంటరు, లోపలికి తోలిన ఆవు గూడ ఉంటది. మేస్త్రీ ఉండడు."

ఆవు మాటకి అందరూ నవ్వారు. సింధూర కూడా నవ్వింది, కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది.

"ఈసారి ఆ లైటు మిణుకుమన్నప్పుడు కదలకుండా నిలబడండి రషీద్ గారూ. పడతారు."

"నేనొక్కన్నేనా?"

"అందరూ నిలబడండి. బాగా పడాలి మరి!"

ఒక్కసారి నిలబడితే చాలన్న మాట ఆమె మనసులోనే ఉండిపోయింది. నోటిదాకా రాలేదు. అప్పుడే నెత్తి మీదుగా ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. దాని చక్రాలు కూడా కనబడుతున్నాయని సంబరంగా చూస్తూ ఆమె స్కూటీ ఎక్కింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమెకు సాతంరాయి వైపు తిరిగి చూసే తీరిక చిక్కలేదు. మామిడిపళ్ళ కాలం. దుబాయికీ లండనుకీ పోయే పెట్టెలు కార్గోలో కొండలా పేరుకున్నాయి. ఇంటికొచ్చేసరికి ఆమె చున్నీ కూడా బంగినపల్లి వాసన వేసేది. మూడో శనివారం సాయంత్రం సుధీర్ వెళ్ళి ఫోనులోని కార్డు తెచ్చాడు. ఆదివారం పొద్దున్న ఫోటోలు ఒక్కటీ తెరిచి చూడకుండానే, ఉత్సాహం కొద్దీ, రెండు వారాల వీడియో కూర్చింది సింధూర. భోజనాల తర్వాత టీవీలో అందరితో కలిసే మొదటిసారి చూద్దామని ఆమె కోరిక.

ఆ భోజనానికి జగదీశ్ వచ్చాడు. అత్తగారు వరలక్ష్మికి తమ్ముడు, సుధీర్‌కి మేనమామ. బడంగ్‌పేట్‌లో అపార్టుమెంట్లు కట్టిస్తాడు. అక్కగారి ఇల్లు తనకు అప్పగించకుండా బావగారు ఎవరో మేస్త్రీని మాట్లాడుకున్నారని అతనికి కాస్త మనస్తాపం. గుత్తివంకాయ మూడుసార్లు వడ్డించినా తగ్గని మనస్తాపం అది.

సింధూర టీవీ ముందు నిలబడి, "ఇప్పుడు చూడండి!" అంది.

టీవీ మీద తెల్లవారింది. నడుం ఎత్తు గోడ కనిపించింది. గోడ ముందు ఏడుగురు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో రషీద్ మేస్త్రీ, మొన్న రంజాన్‌కు కుట్టించుకున్న లేత నీలం చొక్కాలో, తాపీని గుండెలకు అడ్డంగా పట్టుకుని. ఆయన పక్కన జగన్, తల నున్నగా దువ్వుకుని. ఈ చివర మాలు మోసే మంజుల, జడలో కనకాంబరాలతో. అందరూ డబ్బా వైపే చూస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు.

తర్వాతి ఫోటోలో కూడా నిలబడి ఉన్నారు. ఆ తర్వాతి దాంట్లో కూడా. నీడలు పరుగెత్తాయి, మబ్బులు పరుగెత్తాయి, తెల్లవారింది, సాయంత్రమైంది. ఆ ఏడుగురూ ఉన్నచోటు నుంచి కదల్లేదు. వాళ్ళ వెనక గోడ మాత్రం ఎవరి చెయ్యీ తగలకుండానే నడుం నుంచి భుజాల దాకా, భుజాల నుంచి తలల పైకి, తనంతట తానే పెరిగిపోయింది. ఇరవై ఎనిమిది సెకన్లు. మంజుల నవ్వు మొదటి సెకనులో ఎలా ఉందో చివరి సెకనులోనూ అలాగే ఉంది.



"బావగారూ," అన్నాడు జగదీశ్, చేతిలోని పెరుగు గిన్నె కింద పెట్టి. "ఇది ఇల్లు కట్టడమా, గ్రూపు ఫోటోనా?"

వరలక్ష్మి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధీర్ భుజాలు కదలడం మొదలైంది. సింధూరకూ నవ్వు పొంగుకొచ్చింది గానీ మావగారి ముఖం చూడగానే గొంతులోనే ఆగిపోయింది.

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నారు రాఘవయ్య.

వేసింది. ఆయన కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని చూశారు. ముప్పై నాలుగేళ్ళు జనం మీటర్లను అనుమానంగా చూసిన కళ్ళవి.

"రెండు వారాల్లో ఒక్క ఫోటోలోనైనా వీళ్ళు పని చేస్తున్నట్టు కనపడలేదు. గోడ లేవడానికి లేచింది. ఎలా లేచిందో, ఎంత హడావిడిగా పేర్చారో! ఈ చేతులతో స్లాబు వేయిస్తే దాని కింద మనం పడుకోవాలి."

"నేను అప్పుడే చెప్పలేదూ?" అన్నాడు జగదీశ్. "వచ్చేవారం నా మనుషుల్ని దింపుతాను బావగారూ. మీరు ఊఁ అనండి చాలు."

"చూద్దాం. ఈ రెండు మూడు రోజుల్లో రషీద్‌ని పిలిచి చెప్పేస్తాను."

సింధూర రిమోటు కింద పెట్టేసింది. సగం కట్టిన ఇంట్లోంచి దింపేశారని తెలిస్తే ఆ మేస్త్రీకి ఇంకో ఇల్లు ఎవరిస్తారు? అదంతా తను ఊరికే అన్న ఒక్క మాట వల్ల. కొత్త కోడలు, మావగారి మాటకు ఎదురు చెప్పడం అలవాటు లేదు. అయినా చెప్పింది.

"మావయ్యగారూ, తప్పు నాదండి. నేనే నిలబడమన్నాను. లైటు వెలిగినప్పుడు నిలబడితే ఫోటోలో పడతారని చెప్పాను. ఫోటో కోసమే నిలబడ్డారు, మిగతా అంతసేపూ పని చేస్తూనే ఉంటారు."

"నువ్వు ఒకసారి అన్నావు. అన్నిసార్లూ నిలబడ్డారే! నిజంగా పనిలో మునిగిన వాడికి లైటు వైపు చూసే తీరిక ఎక్కడిదమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు, అందుకే మరీ భయమేసింది. "నువ్వు చిన్నపిల్లవి. మంచిదానివి. నీకు తెలియదు."

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే వరలక్ష్మి మెల్లగా అంది: "ఆయనకి నోటి మాట ఎక్కదే తల్లీ. పెళ్ళిచూపుల్లో నా పేరు చెప్తే, పదో తరగతి సర్టిఫికెట్టు ఉందా అని అడిగిన మనిషి."

ఎండ చల్లబడ్డాక సింధూర, సుధీర్ ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా ఎక్కారు. పెద్దల ముందు "ఏవండీ" అనే సింధూర, డాబా మెట్లు ఎక్కగానే "సుధీ" అనేస్తుంది.

"సుధీ, నవ్వావంటే చంపేస్తాను. ఒక్కొక్క ఫోటో చూడాలి."

"రోజుకి యాభై ఎనిమిది. పన్నెండు రోజులు."

"చూద్దాం. గోడ వరసలు లెక్కపెట్టు. నేను మొదటి వారానివి లెక్కపెడతాను, నువ్వు మిగతావి."

అతను కాసేపు బుద్ధిగానే లెక్కపెట్టాడు. "మంజుల బుధవారం పూలు మార్చింది. కనకాంబరాలు పోయి మల్లెలొచ్చాయి."

"వరసలు సుధీ!"

"వరసలు రోజుకి రెండు. నీ వారంలో?"

"రెండే!" సింధూర చప్పట్లు కొట్టింది. "నిలబడని వారంలోనూ రెండే, నిలబడ్డ వారాల్లోనూ రెండే. పని ఏమీ తగ్గలేదు!"

"మరి నిలబడ్డ టైము ఎక్కణ్ణుంచి వచ్చింది? నాన్న అదే అడుగుతారు."

ఇద్దరూ మళ్ళీ తెర మీదికి వంగారు. సింధూర వేలు ఒకచోట ఆగింది. బుధవారం సాయంత్రం అయిదున్నరకు తీసిన ఆఖరి ఫోటో. ముందు గోడకు పదిహేడు వరసలున్నాయి. గురువారం ఉదయం ఎనిమిదికి తీసిన మొదటి ఫోటో. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. పద్దెనిమిదే. శుక్రవారం చూసింది, శనివారం చూసింది. ప్రతి ఉదయం గోడ, నిన్న సాయంత్రం వదిలిన చోటు కంటే ఒక వరస పైనుంది. మొదటి వారంలో మాత్రం ఆ తేడా లేదు.

"గోడ మనం చూడనప్పుడు పెరుగుతోందేమిటే?" అన్నాడు సుధీర్.

సింధూర ల్యాప్‌టాప్ ఎత్తుకుని మెట్లు రెండేసి చొప్పున దిగింది. రాఘవయ్య హాల్లో పేపరు చదువుకుంటున్నారు. ఆమె ఏమీ వాదించలేదు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఒక్కటే మాట అంది.

"మావయ్యగారూ, సాయంత్రం రీడింగుకీ పొద్దుటి రీడింగుకీ తేడా వస్తోందండి."

పేపరు కిందికి దిగింది. రీడింగుల్లో తేడా అన్న మాట వినబడితే ఆయన పెళ్ళి పందిట్లో కూడా లేచేవారట. భూతద్దం తెప్పించుకున్నారు. ఇటుక వరసల మీద పెన్సిలు మొన ఆనిస్తూ నాలుగు రోజులవీ తనే లెక్కపెట్టుకున్నారు.

"ఇలాంటి తేడా వస్తే మా రోజుల్లో ఒకటే అర్థం. ఎవడో దొంగచాటుగా కరెంటు వాడుతున్నాడు." భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు. "దొంగచాటుగా పని చేసేవాణ్ణి మాత్రం నేను చూడలేదు. రేపు నీకు సెలవేగా? వెళదాం. రషీద్‌కి ఫోన్ చేసి చెప్పకు. తనిఖీకి చెప్పి వెళ్ళకూడదు."

మర్నాడు నాలుగు గంటలకి ఇద్దరూ పహాడీ షరీఫ్ మీదుగా, శంషాబాద్ తిరిగి సాతంరాయి చేరారు. వెనక సందులోంచి సురయ్యా ఆంటీ ఇంట్లోకి దూరారు. డాబా మీద ఆరేసిన దుప్పట్ల వెనక ఆవిడ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, చాయ్ తెచ్చి పెట్టింది.

"కూసోండ్రి భాయ్‌సాబ్. రోజూ గిదే తమాషా మాకు. నాకు టీవీ చూసే పని లేకుంటయింది."

కింద పని జోరుగా సాగుతోంది. పరంజా మీద రషీద్, జగన్ ఇటుకలు పేరుస్తున్నారు. మంజుల తట్టతో మాలు అందిస్తోంది. మాటల్లేవు. తాపీల చప్పుడు ఒక్కటే. రాఘవయ్య వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. అంతలో డబ్బాలో లైటు మిణుకుమంది.

"లైట్ ఆగయా!" అని కింద ఎవరో అరిచారు.

తట్టలు నేల మీదికి దిగాయి. పరంజా మీంచి ఇద్దరూ దూకారు. జగన్ జేబులోంచి దువ్వెన తీశాడు. మంజుల చెంగు సర్దుకుంది. రషీద్ నీలం చొక్కా గుండీ ఒకటి పెట్టుకుని, తాపీ తుడిచి గుండెలకు ఆనించుకున్నాడు. ఏడుగురూ వరసలో నిలబడి ఊపిరి బిగపట్టారు. మిణుకు ఆగింది, ఫోటో పడింది.

"చలో!" అన్నాడు రషీద్. అందరూ మళ్ళీ ఎక్కడివాళ్ళు అక్కడికి పరుగెత్తారు.

"యాభై సెకన్లు," అన్నారు రాఘవయ్య, వాచీ మీంచి కళ్ళు తియ్యకుండా. ఆయన మీసం కింద పెదవులు కొంచెం వణికాయి. నవ్వాపుకుంటున్నారని సింధూరకి అర్థమైంది, కానీ ధైర్యం చేసి ఆయన వైపు చూడలేదు.

ఆఖరి ఫోటో అయిదున్నరకు పడింది. పక్క స్థలాల్లో కూలీలు కాళ్ళు చేతులు కడుక్కుని సంచులు భుజాన వేసుకున్నారు. ఇక్కడ మాత్రం ఎవరూ దిగలేదు. జగన్ కిందికి చూసి అన్నాడు: "అన్నా, ఇయ్యాల జర జల్ది పోదమా? కాళ్ళు గుంజుతున్నయి."

"ఫోటోలల్ల మంచిగ నిల్చున్నవు గదరా, ఇప్పుడు కాళ్ళు గుంజుతున్నయా?" అన్నాడు రషీద్. "పొద్దుగాల సంది నిల్చున్నదంత కలిపితే గంటయితది. ఆ గంట ఇంటిది. ఇంటికే ఇయ్యాలె. ఒక్క వరస పడంగనే పోదం."

"రోజూ గింతే," అంది సురయ్యా ఆంటీ, ఎండిన దుప్పటి మడత పెడుతూ. "పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యేదాక గీడనే ఉంటరు."

రాఘవయ్య కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. ఆ వరస పడేదాకా చూశారు. తర్వాత జేబులోంచి ఫోను తీశారు.

"ఆఁ, జగదీశ్. నీ మనుషుల్ని పంపొద్దురా. లేదులే, కోపం ఏమీ లేదు. రీడింగు సరిపోయింది. అంతే. స్లాబు రోజు నువ్వొచ్చి మాంసం కూర తిను."

ఫోను పెట్టేసి సింధూర వైపు తిరిగారు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా," అన్నారు. అత్తింట్లో ఆమెకు దొరికిన మొదటి సర్టిఫికెట్టు అది. ఆ తారీఖు కూడా ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

ఇద్దరూ కిందికి దిగి రోడ్డు దాటారు. వాళ్ళను చూసి రషీద్ గబగబా పరంజా దిగాడు.

"సార్! చెప్పకుంటనే వచ్చిన్రు?"

"ఊరికే వచ్చాను. ఏమయ్యా రషీదూ, ప్రతి ఫోటోకీ ఇలా నిలబడటం ఏమిటి?"

"మేడం చెప్పింది సార్. ఇన్ని ఫోటోలల్ల ఏది ఉంచుతరో ఏది తీసేస్తరో మాకేమెరుక? అందుకే అన్నిట్ల నిల్చుంటున్నం."

ఇక సింధూర నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చేతులు జోడించి, తన తప్పు ఒప్పుకుని, కొత్త ఏర్పాటు చెప్పింది. నిలబడటం రోజుకి ఒక్కసారే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఒంటిగంట ఫోటోకి. ఆ ఫోటోలు తీసెయ్యదు, ఒట్టు. వీడియో చివర అవి ఒక్కొక్కటీ తీరిగ్గా, పేర్లతో సహా వస్తాయి. మిగతా ఫోటోలప్పుడు లైటు వైపు చూడనే కూడదు.

ఏడుగురూ తలలూపారు. మంజుల మాత్రం ఊపలేదు.

"ఒంటిగంటకు పూలు వాడిపోతయి మేడం. పెట్టేదేదో పొద్దుగాల పెట్టున్రి."

అలా గ్రూపు ఫోటో ఉదయం ఎనిమిదికి ఖాయమైంది.

మే నెల రెండో వారానికి గోడలు పైదాకా లేచాయి. వాటి మీద సెంట్రింగు రేకులు పరిచారు, ఇనుము కట్టారు. ఆ నెలాఖరులో ఒక గురువారం స్లాబు పడింది. తెల్లవారుజామునే పాతికమంది కొత్త కూలీలు వచ్చారు. మిల్లరు గిరగిరా తిరుగుతూ మాలు కక్కుతోంది. తట్టలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుకుంటూ మెట్ల మీదుగా పైకి పోతున్నాయి. రషీద్ గొంతు హైవే దాకా వినపడుతోంది. సింధూర, సుధీర్ ఇద్దరూ సెలవు పెట్టారు. వరలక్ష్మి మాంసం కూర గిన్నెలు, బగారా అన్నంతో ఆటోలో దిగింది. జగదీశ్ వచ్చి సెంట్రింగు కింద నాలుగుసార్లు తిరిగి చూశాడు. ఎక్కడా వంక దొరక్క కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

రాఘవయ్య ఇస్త్రీ చొక్కా, నల్ల గొడుగుతో గేటు దగ్గర నిలబడ్డారు. సరిగ్గా ఎనిమిదికి ఎదురుగా డబ్బాలో లైటు మిణుకుమంది.

"రషీద్! లైటు! ఎనిమిదైంది, రండి రండి!" అని ఆయన గొడుగు ఊపారు.

"ఇయ్యాల ఆగేదే లేదు సార్!" పైనుంచి రషీద్ అరిచాడు. "మధ్యల ఆగితే స్లాబుల అతుకు పడ్తది!"

"మంజులా, నువ్వైనా రా అమ్మా!"

"తట్ట ఎవరు పట్టాలె సారూ, మీరు పడ్తరా?"

రాఘవయ్య అటూ ఇటూ చూశారు. లైటు ఇంకా మిణుకుతోంది. ఒక్కరూ రాలేదు. ఆయనకు అది బాగోలేదు. ఇంత ముఖ్యమైన రోజు ఫోటోలో ఒక్క మనిషి కూడా సరిగ్గా పడకపోతే ఎలా? గొడుగు ముడిచి, చొక్కా సర్దుకుని, వాళ్ళు రోజూ నిలబడే చోటికి తనే వెళ్ళి నిలబడ్డారు. ఫోటో పడింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ లైటు వెలిగింది. ఆయన మళ్ళీ వెళ్ళి నిలబడ్డారు. సింధూర మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్ళి, "మావయ్యగారూ, ఎండగా ఉంది, కుర్చీలో కూర్చోండి," అంటే, "ఉండమ్మా, ఎవరో ఒకరు ఉండాలి కదా," అన్నారు. భోజనాల దాకా, ఆ తర్వాత స్లాబు పూర్తయ్యే నాలుగింటి దాకా, ఒక్క ఫోటో కూడా వదల్లేదు.

పని అయ్యాక అందరూ కాళ్ళు చేతులు కడుక్కుని నీడలో కూలబడ్డారు. సింధూర ఆగలేకపోయింది. డాబా మీంచి కార్డు తెచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, అక్కడికక్కడే ఆ రోజు వీడియో కూర్చింది. మొత్తం రెండు సెకన్లు. అందరూ మీద పడి చూశారు.

మనుషులు కనిపించలేదు. రంగులు మాత్రం కింద నుంచి పైకి సుడులు తిరుగుతూ పోయాయి. నీలం ఒకటి అన్నిచోట్లా ఉంది. స్లాబు ఆ మూల నుంచి ఈ మూలకు తడి దుప్పటి పరిచినట్టు పాకింది. ఆ గాలిదుమారమంతా చుట్టూ తిరుగుతుంటే, మధ్యలో చంకలో గొడుగుతో ఒకే ఒక పెద్దమనిషి ఇంచు కదలకుండా నిలబడి ఉన్నారు.

రషీద్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. రెండోసారి వేయించుకుని చూశాడు. నవ్వకుండా తల పంకించాడు.

"అందరు మంచిగ పని చేసిన్రు మేడం. గీయనొక్కడే పొద్దుగాల సంది నిల్చున్నడు. ఎవరు పెట్టుకున్నది గీయనను? రేపటి సంది వద్దని చెప్పున్రి."

ఒక్క క్షణం అందరూ రాఘవయ్య ముఖం చూశారు. తర్వాత జగదీశే ముందు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి కుర్చీ వెనక్కి ఒరిగింది. రాఘవయ్య నవ్వితే పొట్ట ఊగుతుందని సింధూరకి ఆ రోజే తెలిసింది.

"వద్దనకు రషీదూ," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "మీద గది కట్టేటప్పుడు నువ్వే నాకు కాస్త పని నేర్పు."

వరలక్ష్మి అన్నం వడ్డించే గరిటె గిన్నెలోనే వదిలేసి ఇటు తిరిగింది.

"మీద గదా? ఏ గది? నాతో ఒక్క మాటైనా అన్నారూ?"

"ఇప్పుడే కదా అన్నాను," అన్నారు రాఘవయ్య. రషీద్ అప్పటికే లేచి, చేతిలో తాపీతో, మెట్లు ఇంకా ఎటు పైకి తిప్పాలో గాల్లో గీసి చూపించడం మొదలుపెట్టాడు.